కావలివారి కొలువు

నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ అన్న మాట మన కార్యాలయాలలోకి వచ్చి పాతికేళ్ళు దాటింది. దానిని జ్ఞాన నిర్వహణ అని తెలుగు చేసుకుందాం. నలుగురికీ తెలిసిన సంగతులను సేకరించి, పాడుకాకుండా భద్రపరచి, కావలసినవారికి కావలసిన వేళకు అందేలా చూడటం ఈ పని సారాంశం. మనిషికి తెలిసినదంతా మాటల్లో చెప్పలేడని మైకేల్ పొలానీ 1966లో రాశాడు. ఆ చెప్పలేని జ్ఞానాన్ని సంస్థలు ఎలా రాబట్టుకోవాలో నొనాకా, తకేవుచీ అనే జపాన్ ఆచార్యులు 1995లో ఒక పుస్తకమే వెలువరించారు. అటు తరువాత ఇది ఒక వృత్తి అయింది. దానికి కావలసిన నైపుణ్యాల పట్టికలూ వచ్చాయి: వర్గీకరణ తెలియాలి, సాంకేతిక పరిజ్ఞానం ఉండాలి, నలుగురినీ కలుపుకొని పోవాలి, వగైరా.

ఆ పట్టికలు చదివినప్పుడల్లా నాకు ఏలూరుకు చెందిన ముగ్గురు అన్నదమ్ములు గుర్తుకు వస్తారు. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. రెండు వందల ఏళ్ళ క్రితం ఈ కొలువే చేసినవారు. వారి కథలో ఆ పట్టికలకెక్కని ఒక అర్హత ఉంది. ఆ అర్హతను గుర్తించకపోతే ఏమవుతుందో కూడా ఉంది.

కాలిన్ మెకంజీ 1754లో స్కాట్లండుకు పడమరనున్న లూయిస్ దీవిలో పుట్టాడు. 1783లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మన దేశానికి వచ్చాడు. తొలి పదమూడేళ్ళూ యుద్ధాలతో, కోటల ముట్టడులతో, సర్వేలతో గడిచిపోయాయి. ఈ దేశపు చరిత్ర తెలుసుకోవాలన్న కోరిక ఉన్నా దారి దొరకలేదు. భాష రాదు, భాష తెలిసిన మనిషి తోడు లేడు. 1796లో బొర్రయ్య ఆయన దగ్గర చేరాడు. అప్పటికి ఇతనికి సుమారు ఇరవై ఏళ్ళు. ఇతని పరిచయంతోనే తాను భారతీయ విజ్ఞానపు వాకిట అడుగు పెట్టగలిగానని మెకంజీ 1817లో అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన ఉత్తరంలో స్వయంగా చెప్పుకున్నాడు. దేశీయ భాషలు తనకు రావని కూడా అందులోనే ఒప్పుకున్నాడు. అధికారి ఇంత నిజాయితీగా మాట్లాడటం ఆ రోజుల్లో అరుదు. ఈ రోజుల్లోనూ అరుదే.

1799లో టిప్పు సుల్తాను మరణించాక మైసూరు రాజ్యాన్ని కొలిచే పని మెకంజీకి అప్పగించారు. నలభై వేల చదరపు మైళ్ళకు పైబడిన నేల. సర్వే సిబ్బంది గొలుసులు పట్టుకొని భూమిని కొలుస్తూ ఉంటే, బొర్రయ్యా అతని సహచరులూ ఊళ్ళలోకి వెళ్ళి మనుషులను కలిసేవారు. కరణాలను, గుడి పూజారులను, పాళెగాళ్ళ వంశీకులను, మఠాధిపతులను పలకరించి, తాళపత్రాలకూ దండకవిలెలకూ ప్రతులు తీసుకొనేవారు. శాసనాలకు నకళ్ళు ఎత్తేవారు. అప్పటికి సామాన్యంగా ఎవరూ చదవలేని పాత కన్నడ లిపిని బొర్రయ్య చదవగలిగాడు. జైనుల గురించి అతను సేకరించి అనువదించిన వృత్తాంతం ఆసియాటిక్ రిసెర్చెస్ తొమ్మిదో సంపుటంలో మెకంజీ ద్వారా అచ్చయింది. దానిని చూసుకోవడానికి బొర్రయ్య లేడు. 1803లోనే, మూడు పదులైనా నిండకుండా పోయాడు.

ఒక్క నిమిషం ఆగి ఆ కరణం వైపు నుంచి ఆలోచిద్దాం. సర్కారు మనిషి ఊళ్ళోకి వచ్చి, ఈ ఊరు ఎవరు కట్టించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, మీ దగ్గర పాత కాగితాలు ఏమున్నాయి అని అడుగుతున్నాడు. కొత్తగా పన్ను వేయడానికో, ఉన్న ఇనాము ఊడబెరకడానికో కాకపోతే ఇవన్నీ ఎందుకు? ఈ అనుమానం అకారణమైనది కాదు. కంపెనీకి ఆ సమాచారంతో అటువంటి అవసరాలు నిజంగానే ఉన్నాయి. ఊరివాళ్ళ అనుమానాలను గురించి, కాగితాలు దాచిపెట్టడాన్ని గురించి మెకంజీ మనుషులు తమ నివేదికలలో మొరపెట్టుకొంటూనే ఉండేవారు. అయినా ఆ తలుపులు తెరుచుకున్నాయి. పొద్దుపోయేదాకా అరుగు మీద కూర్చుని, వంశం పేరు, గోత్రం అడిగి, స్థలపురాణం మొదటి నుంచి చివరిదాకా ఓపికగా విని, ఆ తరువాత మెల్లగా పెట్టె తెరిపించుకోవడం ఏ బడిలోనూ నేర్పే విద్య కాదు. పొలానీ చెప్పిన ఆ మాటల్లో చెప్పలేని జ్ఞానం ఇదే. కరణానికి తెలిసినది సగం కవిలెలో ఉంటే, మిగతా సగం కరణం నోట్లో ఉంటుంది. రెండోది రాబట్టడానికి నమ్మకమొక్కటే తాళంచెవి.

అన్న పోయిన తరువాత ఆ బాధ్యత లక్ష్మయ్య మీద పడింది. బొర్రయ్యది సేకర్త ప్రతిభ అయితే, లక్ష్మయ్యది నిర్వాహకుడి ప్రతిభ. మద్రాసులో కూర్చుని నారాయణరావు, నిట్టల నాయన, అప్పావు, ఆనందరావు వంటివారిని వేరు వేరు సీమలకు పంపించేవాడు. వారి నుంచి ఉత్తరాలు, దినచర్యలు, నెలవారీ నివేదికలు వచ్చేవి. ఎవరు ఏ ఊళ్ళో ఉన్నారు, ఎవరిని కలిశారు, ఏ ప్రతి దొరికింది, ఏది దొరకలేదు, దొరకకపోతే ఎందుకు దొరకలేదు అన్నవన్నీ వాటిలో ఉండేవి. ఈ చివరి ప్రశ్న చాలా విలువైనది. సంగతితో పాటు అది ఎక్కడి నుంచి, ఎవరి నోటి నుంచి వచ్చిందో రాసిపెట్టుకోకపోతే సేకరణ చెత్తబుట్టతో సమానం. కైఫియత్తులు చదివినవారికి తెలిసే ఉంటుంది, ఒక ఊరి కథ చెప్పేటప్పుడు దాని ఆధారం ఫలానా దండకవిలె అనో, ఫలానా పెద్దలు చెప్పినది అనో అవి తరచుగా చెబుతాయి.

1815లో మెకంజీ భారతదేశపు మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. కలకత్తాకు తరలి వెళ్ళేటప్పుడు లక్ష్మయ్యను వెంట తీసుకువెళ్ళాడు. 1821 మే 8న మెకంజీ మరణించాడు. తన సేకరణకు ఒక పట్టిక తయారు చేయాలన్న ఆయన కోరిక తీరనేలేదు. సేకరణను కంపెనీ పదివేల పౌన్లకు, అంటే ఆనాటి లక్ష రూపాయలకు కొన్నది. పట్టిక తయారు చేసే పని హొరేస్ హేమన్ విల్సన్ తలకెత్తుకున్నాడు. అది 1828లో కలకత్తాలో రెండు సంపుటాలుగా వెలువడింది. అందులోని లెక్కలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. గ్రంథాల వ్రాతప్రతులు 1,568. స్థానిక చరిత్రలు 2,070. శాసనాలు 8,076. అనువాదాలు 2,159. చిత్రాలు 2,630. నాణేలు 6,218.

విల్సన్ గొప్ప సంస్కృత పండితుడు, అందులో సందేహం లేదు. కాని ఆ సేకరణలో అధికభాగం ఉన్న దక్షిణాది భాషలు ఆయనకు రావు. మెకంజీ దగ్గర పనిచేసినవారు ఇంగ్లీషులో రాసి ఉంచిన సారాంశాల మీద ఆధారపడవలసి వచ్చింది. అంటే ఆ పట్టికకు కూడా అడుగున ఉన్న రాయి ఈ మనుషులే.

ఇక నన్ను చాలాకాలంగా బాధిస్తున్న ఘట్టం. మెకంజీ పోయాక ఆగిపోయిన పనిని తాను కొనసాగిస్తానని 1830లలో లక్ష్మయ్య ముందుకు వచ్చాడు. అప్పటికి అతనికి ఈ పనిలో మూడు దశాబ్దాల అనుభవం ఉంది. ఏ కాగితం ఏ ఊరి నుంచి వచ్చిందో, ఎవరు తెచ్చారో అతనికన్నా తెలిసినవారు ఆనాడు భూమి మీద లేరు. ఈ ప్రతిపాదన మీద కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ అభిప్రాయం చెప్పవలసి వచ్చింది. సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్. ఇటువంటి పనికి పెద్దగా ఉండి నడిపించగల అర్హత లక్ష్మయ్యకు లేదని తేల్చాడు. సేకరించడానికి పనికివస్తాడు గాని, బేరీజు వేయడానికి చాలడని ఆ తీర్పు సారాంశం. చివరికి పని విలియం టేలర్ అనే మతాచార్యుడికి దక్కింది. టేలర్ శిథిలమవుతున్న ప్రతులకు కొత్త ప్రతులు రాయించాడు. 1857 నుంచి 1862 లోపల మూడు సంపుటాల పట్టిక అచ్చు వేయించాడు. ఆ మేలు కాదనలేం.

ప్రిన్సెప్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అశోకుని బ్రాహ్మీ లిపి రహస్యాన్ని 1837లో ఛేదించినవాడు ఆయన. కాని ఆ పనిలో ఆయన పక్కన కూర్చుని అర్థం చెప్పినది కమలాకాంత విద్యాలంకారుడనే పండితుడు. పండితుడు లేకుండా తాను అడుగు వేయలేనని తెలిసిన మనిషే, మరొక పండితుడు తన కాళ్ళ మీద నడవలేడని తీర్పు చెప్పాడు. తెలిసినవాడు వేరు, నిర్వహించేవాడు వేరు అన్న నమ్మకం ఆనాటి అధికారులలో అంత లోతుగా పాతుకొని ఉంది.

నిర్వహణ చేతకాదన్న మాట కావలివారి విషయంలో ఏమాత్రం నిలవదు. తమ్ముడు రామస్వామి సంగతే చూడండి. దక్కను నగరాల గురించి 1828లోనూ, దక్కను కవుల గురించి 1829లోనూ కలకత్తాలో ఇంగ్లీషు పుస్తకాలు ప్రకటించాడు. ఆ కవుల పుస్తకంలో అన్న బొర్రయ్య జీవితాన్ని కూడా చేర్చాడు. అతను ఆ పని చేయకపోతే బొర్రయ్య గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం మిగిలేది కాదు. ఒకడు సేకరించాడు, ఒకడు నడిపించాడు, ఒకడు లోకానికి అందించాడు. నేటి పట్టికలు కోరే నైపుణ్యాలన్నీ ఒక్క ఇంట్లో ఉన్నాయి.

మరి వారికి లేనిదేమిటి? పేరు. సేకరణ మెకంజీది, పట్టిక విల్సన్‌ది, టేలర్‌ది. ఇందులో అన్యాయం కన్నా నష్టం ఎక్కువని నా అభిప్రాయం. లక్ష్మయ్యను పక్కన పెట్టిన రోజున పోయినది ఒక మనిషి జీతం కాదు. ప్రతి కాగితం వెనుకా ఉన్న సందర్భం పోయింది. కాగితాలు ఒక భాగం లండన్‌కు వెళ్ళాయి, ఒక భాగం మద్రాసుకు చేరింది. వాటిని ముడివేసి చెప్పగల జ్ఞాపకానికి మాత్రం ఏ బీరువాలోనూ చోటు దొరకలేదు. సంస్థలు పాత ఉద్యోగిని సాగనంపి, అతని ఫైళ్ళు మా దగ్గరే ఉన్నాయి కదా అనుకోవడం ఈనాటికీ చూస్తున్నాం. జ్ఞాన నిర్వాహకుడికి ఉండవలసిన మొదటి అర్హత ఏదని నన్నెవరైనా అడిగితే, తెలిసిన మనిషి ఎవరో గుర్తుపట్టగలగడం, అతన్ని పోగొట్టుకోకుండా ఉండగలగడం అని చెబుతాను. వర్గీకరణ ఆ తరువాతి మాట.

మద్రాసుకు చేరిన ప్రతులు అక్కడి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చు వేసింది. గుంటూరు, కృష్ణా సీమల కైఫియత్తులు కూడా కొన్ని పుస్తకాలుగా వచ్చాయి. మీ ఊరి పేరు వాటిలో ఉందేమో వెదకండి. ఉంటే, కథ చదివే ముందు ఇది ఎవరు చెప్పారు, ఎవరు రాసుకున్నారు అన్న రెండు ప్రశ్నలు వేసుకోండి. జవాబు దొరికినవారు దయచేసి నాకూ తెలియజేయండి.