తివాచీ, కత్తి, మన పిల్లలు



పండుగనాడు మస్జిదులో ఖుత్బా మొదలయ్యే లోపల చిన్నపిల్లలు ఏం చేస్తుంటారో మీరంతా చూసే ఉంటారు. కింద పరచిన తివాచీ మీద వేలితో గీతలు గీస్తారు. ఒక వైపు నిమిరితే రంగు లేతబడుతుంది, ఎదురు నిమిరితే ముదురుతుంది. అలా పేరు రాస్తారు, మళ్ళీ అరచేత్తో తుడిచేస్తారు. పెద్దవాళ్ళు కసురుతారు. మేమూ కసిరాము. కానీ ఆ రంగు ఎందుకు మారుతోందని ఒక పిల్లవాడు అడిగితే ఏం చెప్పాలి? జవాబు ఒక చిన్న కత్తి దగ్గర ఉన్నది. ఆ కత్తి కథలో మన వాళ్ళ చరిత్ర కూడా కొంత ఉన్నది గనుక ఈ సంచికలో నాలుగు మాటలు రాయదలచాము.

మామూలు బట్టకు రెండే నూళ్ళు: నిలువుగా పడుగు, అడ్డంగా పేక. మన శ్రీకాకుళం వైపు నేతకు పేరు తెచ్చింది ఈ రెండు నూళ్ళ సన్నదనమే. ఒకప్పుడు చికాకోల్ మస్లిన్ అంటే దూరదేశాల్లో గిరాకీ. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి వడికే సన్ననూలు సంగతి మన జిల్లాలో తెలియని వారుండరు. ఆ బట్టలకు నూగు ఉండదు. ఇళ్ళలో పరచుకునే జంపఖానాకూ ఉండదు. మఖ్మల్‌కూ తివాచీకీ మాత్రం మూడో నూలు ఒకటి ఉంటుంది. అది బట్ట మీద గడ్డిలా లేచి నిలబడుతుంది. దానినే నూగు అంటున్నాము.

నూలు దానంతట అది అలా నిలబడదు. టర్కీ తువ్వాలు చూడండి, దాని మీద నూలు చిన్న చిన్న ఉంగరాలుగా ఉంటుంది. అది కొయ్యని నూగు. ఆ ఉంగరాలను సమంగా కోస్తే కొసలు విచ్చుకుని మెత్తని మఖ్మల్ అవుతుంది. కొసలు ఒక వైపుకు వాలి ఉంటాయి కాబట్టి, నిమిరిన దిక్కును బట్టి వెలుగు పడే తీరు మారి రంగు మారినట్టు కనిపిస్తుంది. పిల్లవాడి ప్రశ్నకు జవాబు ఇదే. అంటే మఖ్మల్ నేతతో ముగియదు, కోతతో పూర్తవుతుంది.

మన తెలుగుదేశంలో ఈ పనికి పెద్ద ఊరు ఏలూరు. దానికీ మనకూ పాత చుట్టరికం కలదు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో శ్రీకాకుళం ఫౌజ్‌దారుగా ఉన్న షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో ఇక్కడ జామియా మస్జిదు కట్టించాడు. తరువాత ఉత్తర సర్కారులు అని పేరుపడిన వాటిలో చికాకోల్ ఒకటి, ఏలూరు ఒకటి. 1753లో అవి ఫ్రెంచివారి చేతికీ, ఆ తరువాత కొద్ది ఏళ్ళకే ఇంగ్లీషువారి చేతికీ పోయాయి. ఏలూరులో తివాచీ నేతను పర్షియా నుండి వచ్చిన ముస్లిం నేతగాళ్ళు తెచ్చారని చెప్పుకుంటారు. సరుకు మచిలీపట్నం రేవు మీదుగా ఓడలెక్కేది. దక్కన్ ప్రాంతంలో నేసిన పాత తివాచీలు జపాన్‌లోని క్యోటో నగరంలో గియోన్ ఉత్సవపు రథాల మీద అలంకారంగా నేటికీ ఉన్నాయంటే, మన దేశపు పనితనం ఎంత దూరం పోయిందో ఆలోచించండి.

ఏలూరు పని అంతా చేతి ముడి. నిలువు మగ్గం మీద నూలు పడుగు బిగిస్తారు. నేతగాడు రంగు ఉన్నిపోగు తీసుకుని రెండు పడుగు దారాల చుట్టూ తిప్పి ముడి వేస్తాడు, వెంటనే చిన్న కత్తితో పోగు తెంపుతాడు. మళ్ళీ ముడి, మళ్ళీ కోత. వరుస పూర్తయ్యాక పేక తోసి, పంజాతో గట్టిగా దిగగొడతాడు. ఆ తరువాత కత్తెరతో కొసలు సమం చేస్తాడు. అంగుళానికి ఎనిమిది ముడుల చొప్పున అనుకుందాం. చదరపు అంగుళానికి 64. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు తివాచీకి ఎన్ని అవుతాయి? 2,21,184 ముడులు! అన్నిసార్లూ కత్తి లేవాలి, దిగాలి. మా తరగతిలో ఈ లెక్క వేయించినప్పుడు చివరి అంకె చూసి పిల్లలు నోరు తెరిచారు.

ఏలూరు నమూనాల పేర్లు ఇంకో సంగతి చెబుతాయి. మహబూబ్‌ఖాని, రామచంద్రఖాని, గోపాలరావుఖాని, రెడ్డిఖాని. ఆదరించిన వారి పేర్లూ, ఎగుమతి చేసిన వారి పేర్లూ నమూనాలకు పెట్టుకున్నారు. నేసినవాడు ముస్లిం, పేరు రామచంద్రుడిది. మన తీరాంధ్రలో బతుకులు ఎలా కలిసి నడిచాయో చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

ఇక మఖ్మల్ దారి వేరు. అక్కడ ముడి లేదు. మగ్గం మీద నూగు పడుగు కింద సన్నని ఇత్తడి కడ్డీ ఒకటి దూరుస్తారు. నూలు ఆ కడ్డీ మీదుగా ఉంగరాల్లా ఎక్కి దిగుతుంది. కడ్డీ నడినెత్తిన పొడుగునా సన్నని గాడి ఉంటుంది. నేతగాడు ఆ గాడి వెంబడి కత్తి లాగితే ఉంగరాలు వరసగా తెగి కడ్డీ పైకి వచ్చేస్తుంది. చేయి వెంట్రుకవాసి పక్కకు జరిగిందా, అడుగు పడుగు తెగి రోజుల కష్టం పాడవుతుంది. అందుకని ఉత్త కత్తి చేత్తో పట్టుకోరు. బ్లేడును బిగించే చిన్న చట్రం ఒకటి ఉంటుంది, ఇంగ్లీషు నేతగాళ్ళు దానిని ట్రెవెట్ అన్నారు. చట్రం బ్లేడును నిటారుగా, ఒకే లోతున నడిపిస్తుంది. మొద్దుబారితే మర విప్పి బ్లేడు తీసి పదును పెట్టుకోవచ్చు, లేదా వేరేది బిగించుకోవచ్చు. చట్రం మాత్రం చేతికి అలవాటైన ఆ పాతదే.

ఇది చిన్న ఉపాయంలా కనిపిస్తుంది గానీ కాదు. మంగలి ఉస్తరాను తలుచుకోండి. పూర్వం ఆ కత్తిని తోలుపట్టీ మీద నూరి నూరి జీవితమంతా వాడేవారు. 1903లో అమెరికాలో జిలెట్ కంపెనీ బ్లేడు మార్చుకునే రేజరు అమ్మకం మొదలుపెట్టింది. ఇప్పుడు మన బజారులో మంగలి కూడా పిడి అదే ఉంచి సగం బ్లేడు మారుస్తున్నాడు. మఖ్మల్ నేతగాళ్ళకు ఆ సంగతి అంతకు ముందే తెలుసు. పదును అరిగిపోయేది, పట్టు నిలిచి ఉండేది. రెంటినీ విడదీస్తే పని ఆగదు.

యంత్రాలు వచ్చాక ఆ బ్లేడు మనిషి చెయ్యి వదిలింది. పంతొమ్మిదో శతాబ్దం నడుమ అమెరికాలో ఎరాస్టస్ బిగెలో ఆవిరి మగ్గం మీద తివాచీ నేయించాడు. విల్టన్ తరహా తివాచీ మగ్గంలో కడ్డీ చివరనే బ్లేడు ఉంటుంది. యంత్రం కడ్డీని బయటకు లాగుతుంటే ఉంగరాలు వాటంతట అవే తెగుతాయి. మరో పద్ధతిలో రెండు బట్టలను కొద్ది ఎడంతో ఒకదానిపై ఒకటి నేస్తారు, నూగు నూలు రెండింటి మధ్య తిరుగుతుంది. నడుమ కత్తి పరుగెత్తి, రొట్టెను అడ్డంగా చీల్చినట్టు, ఒక్కసారే రెండు మఖ్మల్‌లు చేస్తుంది. నేడు మస్జిదులలో సఫ్‌ల వారీగా పరిచే తివాచీలు చాలావరకు యంత్రం మీద తయారైనవే.

మరి ఏలూరు ముడిని దెబ్బతీసింది ఈ యంత్రపు కత్తేనా? అంతా దాని తప్పు అనలేము. 1851లో లండన్ ప్రదర్శనలో మన దేశపు తివాచీలు చూసి విదేశీయులు మెచ్చుకున్నారు. మెచ్చుకున్నవారే చవకగా, తొందరగా కావాలన్నారు. 1856లో కృత్రిమ రంగు కనిపెట్టబడింది, ఆ చవక రంగులు మన మగ్గాల మీదికీ వచ్చాయి. మద్రాసు రాష్ట్రపు జైళ్ళలో ఖైదీల చేత తివాచీలు నేయించారు, ఇంటి మగ్గం ఆ ధరతో ఎలా పోటీ పడుతుంది? మచిలీపట్నం తివాచీలు ఒకప్పుడు దేశంలోకెల్లా శ్రేష్ఠమైన వాటిలో చేరేవనీ, ఇంగ్లీషు గిరాకీ వల్లనే చెడిపోయాయనీ జార్జ్ బర్డ్‌వుడ్ అనే ఇంగ్లీషు పండితుడే 1880లో ఒప్పుకున్నాడు. కత్తి పదును తగ్గలేదు, కొనేవాడి చూపు మొద్దుబారింది. నేడు ఏలూరులో ఆ మగ్గం పట్టేవారు బాగా తగ్గిపోయారు.

ఇక్కడ ఉపాధ్యాయులుగా మేము ఒక చేదు మాట కూడా చెప్పాలి. ధర పడిపోయినప్పుడు దేశంలో చాలాచోట్ల తివాచీ మగ్గాల ముందు చిన్నపిల్లలను కూర్చోబెట్టారు. చిన్న వేళ్ళయితే ముడి సన్నగా పడుతుందని సాకు చెప్పారు. అసలు సంగతి, చిన్న వేళ్ళకు కూలీ తక్కువ. 1986 బాల కార్మిక చట్టం పిల్లలు చేయకూడని పనుల పట్టికలో తివాచీ నేతను చేర్చింది. చట్టం వచ్చిందని ఊరుకుంటే చాలదు. బడికి రాని పిల్లవాడు ఎక్కడున్నాడని అడిగేది చట్టం కాదు, మనం. బీడీ ఆకు దగ్గరో, మెకానిక్ షెడ్డులోనో, హోటల్లోనో మన పిల్లలు కనిపిస్తున్నప్పుడు పాత తివాచీల గొప్ప చెప్పుకుని మురిసిపోవడం మాకు సబబు అనిపించదు.

అలాగని చేతిపని నీచమని మేము అనడం లేదు. మన ఇళ్ళలో దర్జీలున్నారు, వెల్డర్లున్నారు, జరీ పని చేసేవారున్నారు. హునర్ ఉన్నవాడు ఎక్కడా చెయ్యి చాచడు. మేము చెప్పేదల్లా ఇదే: చదువు ముందు, హునర్ వెంట. పదో తరగతి దాటిన పిల్లవాడు ఐ.టి.ఐ.లో చేరి పని నేర్చుకుంటే ధర తెలుస్తుంది, లెక్క తెలుస్తుంది, దళారి కాగితం మీద ఏమి రాశాడో తెలుస్తుంది. రెండు లక్షల ముడులు వేసిన మనిషికి వాటిని లెక్కకట్టడం రాకపోతే ఆ లెక్క ఇంకొకడు కడతాడు.

మన సంఘం ఏటా పుస్తకాలూ ఫీజులూ ఇస్తున్నది, సంతోషం. దానితో పాటు ప్రతి మొహల్లాలో బడి మానేసిన పిల్లల పేర్లు రాసుకుని, వారి తల్లిదండ్రులతో పెద్దలు స్వయంగా మాట్లాడే పని కూడా పెట్టుకోవాలని మా మనవి. ట్రెవెట్ చట్రం మాదిరి మన బుజుర్గుల పట్టు అలాగే ఉండనిద్దాం. అందులో బిగించే పదును మాత్రం తరం తరానికీ కొత్తది కావాలి. ఆ పదును చదువే.

వచ్చే పండుగకు తివాచీ మీద వేలితో పేరు రాసే పిల్లవాణ్ణి కసరకండి. పక్కన కూర్చుని ఆ నూగు ఎలా వచ్చిందో చెప్పండి. తన పేరు తాను రాసుకోగల పిల్లలు మన ప్రతి ఇంటా ఉండేలా అల్లాహ్ కరుణించుగాక. ఆమీన్.