మందు ప్యాచ్‌లు: వాడకం, జాగ్రత్తల చరిత్ర

చర్మం మీద అంటిస్తే అందులోని మందు నెమ్మదిగా రక్తంలోకి చేరేలా తయారుచేసిన పట్టీయే మందు ప్యాచ్. తలనొప్పికి నుదుట వేసే శొంఠి పట్టు వేసినచోటే పనిచేస్తుంది; ప్యాచ్ ప్రభావం మాత్రం మాత్రలాగే, ఇంజెక్షన్‌లాగే ఒళ్లంతటికీ చేరుతుంది. దాని మోతాదు అంటించగానే పూర్తిగా మొదలవదు, పీకేయగానే ముగియదు. ఈ ఒక్క సంగతి పట్టించుకోకపోవడం వల్లే ప్యాచ్‌ల చరిత్రలో ఎన్నో ప్రమాదాలు జరిగాయి. నేటి జాగ్రత్తల్లో ముఖ్యమైనవి ఆ అనుభవం నుంచి వచ్చినవే.

చర్మం గుండా మందు లోపలికి పోతుందని ప్యాచ్ పుట్టకముందే పేలుడు పదార్థాల ఫ్యాక్టరీల్లో తెలిసింది. నైట్రోగ్లిసరిన్‌తో పనిచేసే కార్మికులకు సెలవు తర్వాత సోమవారం విపరీతమైన తలనొప్పి వచ్చేది. వారం గడిచేకొద్దీ ఒళ్లు అలవాటుపడి తగ్గేది. ఉరుగ్వేలో పుట్టిన అలెహాండ్రో జఫరోని 1968లో అమెరికాలో ఆల్జా సంస్థను స్థాపించి, మందు విడుదలయ్యే వేగాన్ని అదుపులో ఉంచడమే దాని పనిగా పెట్టుకున్నాడు. ప్రయాణంలో వాంతులు రాకుండా చెవి వెనుక మూడు రోజులు ఉంచుకునే స్కోపొలమిన్ ప్యాచ్‌కు అక్కడ 1979లో అనుమతి వచ్చింది. అది తాకిన వేలితో కన్ను నలుపుకుంటే కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది. అంటించాకా తీశాకా చేతులు కడుక్కోవాలన్నది అందుకే. 1981లో గుండెనొప్పికి నైట్రోగ్లిసరిన్ ప్యాచ్‌లు వచ్చాయి. వాటిని మొదట రోజంతా ఉంచమన్నారు. ఒళ్లు అలవాటుపడి మందు పనిచేయడం మానేస్తోందని తేలాక, రోజూ 10–12 గంటలు తీసి ఉంచే పద్ధతి స్థిరపడింది. ఫ్యాక్టరీ కార్మికుల తలనొప్పిలో ఆ సూచన ముందే ఉంది, చదివినవాళ్లే తక్కువ.

అసలు పరీక్ష 1990లో అనుమతి పొందిన ఫెంటనిల్ ప్యాచ్‌తో ఎదురైంది. మార్ఫిన్ కంటే 50–100 రెట్లు శక్తిగల ఈ మందు క్యాన్సర్ నొప్పితో బాధపడేవారికి గొప్ప ఊరట. అంటించాక అది చర్మం పొరల్లో పేరుకుంటుంది. పూర్తి ప్రభావానికి 12–24 గంటలు పడుతుంది. నొప్పి ఇంకా తగ్గలేదని రెండోది అంటిస్తే తర్వాత రెండూ కలిసి ఊపిరిని అణచగలవు. తీసేశాక కూడా రక్తంలో మందు సగానికి తగ్గడానికే 17 గంటలో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. జ్వరం, వేడినీటి సంచి, ఎండ చర్మంలోంచి మందు పోయే వేగాన్ని పెంచుతాయి. మే నెల ఎండల్లో పనిచేసే మన ప్రాంతాల రోగులు దీన్ని గుర్తుంచుకోవాలి. అంతకుముందు ఇలాంటి బలమైన నొప్పి మందులకు అలవాటుపడని వారికి ఈ ప్యాచ్ వేయరాదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనూ, 2007లోనూ దీనిపై హెచ్చరించింది. 2012లో, అంతకు ముందరి 15 ఏళ్లలో పిల్లలు పొరపాటున దీని బారిన పడిన 26 ఘటనలను పరిశీలించింది. అందులో 10 మంది చనిపోయారు. ఎక్కువమంది రెండేళ్లు, అంతకంటే తక్కువ వయసువారు. వాడి పారేసిన ప్యాచ్ కూడా పసిపిల్లల ప్రాణం తీయగలదు.

ఇంత ప్రమాదమైతే మాత్రలే మేలు కదా అనవచ్చు. కానీ మింగలేనివారికి, వాంతులు ఆగనివారికి మాత్ర దారి మూసుకుపోతుంది. మింగిన నైట్రోగ్లిసరిన్‌లో ఎక్కువ భాగం కాలేయంలోనే విరిగిపోతుంది. తప్పు తయారీదారులది, భారం రోగి మీద వేయడమేమిటన్న అభ్యంతరంలో మాత్రం న్యాయముంది. 2008లో అమెరికాలో అంచు తెగి జెల్ కారే అవకాశమున్న ఫెంటనిల్ ప్యాచ్‌లను వెనక్కి తీసుకున్నారు. తర్వాత మందును జిగురులోనే కలిపిన రకాలు విస్తరించాయి. అయినా వాడిన ప్యాచ్‌లో మందు మిగిలిపోయే సమస్య పోలేదు. మందు ఎక్కువగా ఉన్నచోటు నుంచి తక్కువగా ఉన్నచోటికే కదులుతుంది కాబట్టి, చివరి గంట దాకా వేగం నిలకడగా ఉండాలంటే ప్యాచ్‌లో అదనపు మందు ఉండి తీరాలి. కాబట్టి పాతది తీసి, జిగురు వైపు లోపలికి మడిచి, పిల్లలకు అందకుండా వెంటనే వదిలించుకోవాలి. ఫెంటనిల్‌ను టాయిలెట్‌లో వేసి నీళ్లు పోయడానికి ఎఫ్‌డీఏ ఒప్పుకున్నది ఈ ప్రమాదాన్ని తూచే. కొత్తది వేరేచోట, వెంట్రుకలు తక్కువగా ఉన్న, గాయంలేని పొడి చర్మంపై అంటించాలి. డాక్టరో ఫార్మసిస్టో చెప్పనిదే ముక్కలుగా కత్తిరించకూడదు. కొన్ని ప్యాచ్‌ల వెనుక పొరలో లోహం ఉండి ఎంఆర్ఐ స్కాన్‌లో చర్మం కాలినందువల్ల, స్కాన్‌కు ముందు సిబ్బందికి చెప్పాలని 2009లో మరో హెచ్చరిక చేరింది. అంటించిన తేదీ, వేళ రాసి ఉంచితే ఇంట్లో ఎవరు సేవ చేస్తున్నా పాతది తీయకుండా కొత్తది వేయరు.