గుటక పడని బిడ్డకు పాలు

చప్పరించడం, మింగడం, ఊపిరి పీల్చడం ఒకదాని వెంట ఒకటి సాగే నేర్పు కడుపులోని బిడ్డకు సుమారు 34 వారాలకు గాని అబ్బదు. అంతకుముందే పుడితే రొమ్ము అందించినా తాగలేదు. అలాంటి బిడ్డ బతుకుతుందని 1880ల దాకా వైద్యులు పెద్దగా ఆశపడలేదు.

పారిస్ ప్రసూతి ఆసుపత్రిలో స్తెఫాన్ తార్నియే, కోడిగుడ్లు పొదిగే పెట్టెను చూసి బిడ్డలకు వెచ్చని పెట్టె చేయించాడు. వెచ్చదనం ఒక్కటే చాలలేదు. సన్నని రబ్బరు గొట్టాన్ని నోటి గుండా పొట్టలోకి దింపి, పైనున్న గాజు గిన్నెలో పాలు పోయించాడు. బాతులను బలవంతంగా మేపడాన్ని ఫ్రెంచివారు అనే ‘గవాజ్’ మాటే దీనికీ నిలిచింది. పేరు మోటుదే గాని పని సున్నితం: పాలు దిగాక గొట్టాన్ని చటుక్కున లాగేయాలి, నెమ్మదిగా తీస్తే బిడ్డ కక్కేస్తుంది.

తార్నియే శిష్యుడు పియేర్ బుదాఁ రోజూ బిడ్డను తూచి పాలు కొలిచాడు. తక్కువైతే బిడ్డ నీలివర్ణానికి తిరుగుతుంది, ఎక్కువైతే అరగదు. తల్లిపాలు ఎండిపోకుండా, ఆమె మరో బలమైన బిడ్డకు కూడా పాలివ్వాలన్నాడు. 1900లో వెలువడిన ఆయన ఉపన్యాసాల్లో ఇదంతా ఉంది.

ఇంత తెలిశాక కూడా వైద్యం దారి తప్పింది. 1940లలో అమెరికా వైద్యులు, వెన్న తీసిన ఆవుపాలతో బిడ్డ త్వరగా బరువెక్కుతుందని తేల్చారు. త్రాసు చెప్పిందే వేదమైంది. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయన్న భయంతో పుట్టాక రెండు మూడు రోజులు ఏమీ పట్టకుండా ఉంచడమూ అప్పుడే వాడుకలోకి వచ్చింది. ఆ పస్తులతో రక్తంలో చక్కెర పడిపోతోందని, కామెర్లు ముదురుతున్నాయని 1960లలో బయటపడ్డాకే ఆ పద్ధతి వెనకబడింది. 1968 నాటికి ఫిలడెల్ఫియాలో పేగు పనిచేయని పసికందును సిరలోకి ఎక్కించే ఆహారంతోనే పెంచి చూపారు.

తల్లిపాలకు మళ్లీ పెద్దపీట 1990లో పడింది. డబ్బాపాలు మాత్రమే తాగిన నెలతక్కువ బిడ్డల్లో పేగు కుళ్లే జబ్బు, తల్లిపాలు మాత్రమే తాగినవారికంటే 6 నుంచి 10 రెట్లు ఎక్కువని బ్రిటన్ అధ్యయనం తేల్చింది. వియన్నాలో 1909లోనే మొదలైన పాలబ్యాంకు, ముంబయిలోని సయన్ ఆసుపత్రికి 1989లో, హైదరాబాద్ నీలోఫర్‌కు 2017లో వచ్చింది.

గొట్టం తీసేశాక, రొమ్ము పట్టేలోపు దక్షిణాదిన చాలా వార్డుల్లో నర్సులు అందుకునేది మాత్రం పాత వస్తువే: మూతి సాగిన ఉగ్గుగిన్నె. బిడ్డను కొంచెం లేపి పట్టుకుని, పెదవి చివర దాన్ని ఆనించి, బొట్టుబొట్టుగా వంచుతారు. గుటక పడిందని చూశాకే తర్వాతి బొట్టు.