ఓలిక్ ప్రొద్దుతిరుగుడు పుట్టుపూర్వోత్తరములు

ఉత్తర అమెరికా ఆదివాసులు పెంచిన ప్రొద్దుతిరుగుడు, ఐరోపా ఉద్యానములలో చిరకాలము కంటికింపైన పుష్పముగా మాత్రమే వెలసి, రష్యా చేరిన పిమ్మటగాని నూనెపంటగా పేరొందలేదు. క్రాస్నోదార్ నగరమున పుస్తొవోయిత్ పండితుడు దశాబ్దముల తరబడి మేలైన మొక్కల నేరి, గింజలోని నూనెపాలును 50 శాతము దరిదాపులకు పెంచెను. ఆయన పెంచినది పరిమాణమే, నూనె స్వభావము పూర్వపుదే. అందు అధికభాగమగు లినోలిక్ ఆమ్లము దేహమునకు అవసరమైనదే యైనను, గాలి సోకినను, మూకుడులో మాటిమాటికి కాగినను వేగిరమే చెడి నూనెకు కనరువాసన తెచ్చును.

ఆ స్వభావమును మార్చు దారి జన్యుశాస్త్రమునుండి వచ్చెను: 1927లో మల్లర్ అను శాస్త్రజ్ఞుడు పండ్ల ఈగలపైనను, మరుసటియేట స్టాడ్లర్ అను శాస్త్రజ్ఞుడు బార్లీపైనను ఎక్స్‌కిరణములతో జన్యువులను మార్చి చూపిరి. తరువాత రసాయనములును ఆ పనికి వచ్చునని తేలెను. ఆ మార్గముననే క్రాస్నోదార్‌లో సోల్దాతొవ్, వి.ఎన్.ఐ.ఐ.ఎం.కె. 8931 అను వంగడపు విత్తులను డైమిథైల్ సల్ఫేటుతో సంస్కరించి, వాని సంతతినుండి, లినోలిక్ వలె వేగిరము చెడని ఓలిక్ ఆమ్లము మెండుగాగల మొక్కల నేర్పరచి, 1976లో పెర్వెనెత్స్ వంగడమును ప్రకటించెను.

ఇట్టి మార్పు ఆకున గాని, పూవున గాని, గింజ రంగున గాని కానరాదు. విత్తును నలిపి పరీక్షించినచో వంశమే నశించును. ఈ చిక్కును కెనడాలో డౌనీ, హార్వీ అనువారు 1963లో రేప్ ఆవాలపై విడదీసిరి: బీజదళమునుండి చిన్నముక్క కోసి దాని నూనెను వాయు క్రొమటోగ్రఫీతో పరీక్షించి, మొలకగల తక్కిన భాగమును నాటుట. రసాయనమునకు దక్కిన కీర్తిలో నాలవవంతైనను ఈ సన్నని కోతకు దక్కకపోవుట అన్యాయమని నా యభిప్రాయము.

గింజ ఎదుగునపుడు ఓలిక్ ఆమ్లమునుండి హైడ్రోజనును తొలగించి దానిని లినోలిక్‌గా మార్చు ఎంజైమొకటి గలదు. పెర్వెనెత్స్‌లో ఆ ఎంజైమునకు మూలమైన జన్యువు తారుమారై రెట్టింపగుటచే, అధికమైన నకలే అసలు జన్యువు నోరు మూయించుచున్నది. ఈ నిరోధము గింజకే పరిమితమగుటచే ఆకులకు హాని లేదు.

మన దేశమునకు సోవియట్ వంగడములు వచ్చినది 1969లో, అనగా పెర్వెనెత్స్‌కు ఏడేండ్లు ముందు; కావున మన రైతులు మొదట చేపట్టినవి పాత స్వభావపు విత్తులే. ఐనను గింజ గట్టిపడు వేళ ఎండ తీవ్రమైనచో సాధారణ వంగడములందును ఓలిక్ పాలు కొంత హెచ్చును, చలి తగిలినచో తగ్గును; పెర్వెనెత్స్ సంతతికి మాత్రము ఋతువుతో అంతగా నిమిత్తము లేదు.