శ్రీబాగ్ ఒడంబడిక

కోస్తా, రాయలసీమ నాయకులు 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఇల్లు ‘శ్రీబాగ్’లో కుదుర్చుకున్న రాజీ. ఆంధ్ర రాష్ట్రం కావాలన్నది ఇరుపక్షాల మాటే. అయితే ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరుకు దక్కడంతో, రేపు రాష్ట్రం వచ్చినా పెత్తనం కోస్తాదేనన్న అనుమానం సీమలో ముదిరింది. సీమ తరఫున కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు తదితరులు, కోస్తా తరఫున భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య సంతకాలు చేశారు.

అసలు కీలకం నీళ్లు. తుంగభద్ర, కృష్ణ, పెన్న జలాల్లో పదేళ్లపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, సీమకు, నెల్లూరుకు ప్రాధాన్యం ఇవ్వాలన్నారు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం పెట్టాలి. రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో సీమవాళ్లే కోరుకోవాలి. ఇంత వివరంగా రాసుకున్నా అది పెద్దమనుషుల మాటే, చట్టం కాదు.

1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది; భవనాలు చాలక డేరాలు వేశారు. హైకోర్టు గుంటూరులో పెట్టారు. మూడేళ్లకే, 1956లో, రెండూ హైదరాబాదుకు తరలిపోయాయి. అప్పట్లో కర్నూలు జిల్లాలో, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న బేతంచెర్ల వంటి మెట్ట ప్రాంతాలకు ఈ ఒప్పందంలో రాజధానికన్నా నీటి షరతే ముఖ్యం. సీమ ఉద్యమాలు నేటికీ దాన్నే ఎత్తిచూపుతున్నాయి.