చేవ లేని చెక్క, చెమ్మ ఆరని మట్టి

మా మేడ మీది చెక్కపెట్టె అడుగు రెండో వానాకాలంలో ఊడిపోయింది. ప్యాకింగ్ చెక్క తెచ్చి, సుత్తీ మేకులూ పట్టుకుని నేనే కొట్టిన పెట్టె. మూడడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అడుగు లోతు. నిండా తోటకూర, ఓ మూల పుదీనా. పక్కకు జరుపుదామని నేనూ మా అబ్బాయీ చెరోవైపు పట్టుకున్నాం. తడిమట్టితో నూరు కేజీల పైమాటే. పెట్టె గోడలు మా చేతుల్లోకి వచ్చేశాయి. మట్టి మాత్రం తెల్లటి వేళ్ళు అల్లుకుపోయి, పెట్టె ఆకారంలోనే నేలమీద కూర్చుంది. అడుగు చెక్కను వేళ్ళతో నలిపితే టీలో ముంచిన రస్కులా విడిపోయింది.

మా వీధి వడ్రంగి మేస్త్రి చూసి ఒక్క ముక్క అన్నాడు: "చేవ లేని కర్ర సార్, మట్టిల పెడితే ఎన్నాళ్ళుంటది?"

ఆ తర్వాత మొక్కల పెట్టెల చరిత్ర తిరగేస్తే నాకు కనబడిందల్లా ఆ ప్రశ్నే. రాజులూ, నావికులూ, రసాయన శాస్త్రవేత్తలూ దానికి ఎవరి జవాబు వాళ్ళు చెప్పుకుంటూ వచ్చారు.

చేవ అంటే మాను నడుమ ఉండే ముదురు రంగు భాగం. చెట్టు తన వగరునూ నూనెలనూ అక్కడ దాచుకుంటుంది. టేకు నిలబడేది వాటి బలం మీదే. చుట్టూ ఉండే తెల్లచెక్కకు ఆ కాపలా లేదు, పైగా పిండిపదార్థం ఉంటుంది. అయినా చెక్క ఊరికే కుళ్ళదు. పూర్తిగా ఎండినది కుళ్ళదు, గాలి తగలకుండా నీళ్ళలో మునిగి ఉన్నదీ కుళ్ళదు. చెమ్మా గాలీ కలిసిన చోటే శిలీంధ్రం పని మొదలుపెడుతుంది. చెక్కలో తేమ 20 శాతం లోపుంటే దానికి బతుకులేదు. మొక్కల పెట్టెకేమో రోజూ నీళ్ళు పోస్తాం, అడుగున గాలాడాలని చిల్లులు పెడతాం, ఎరువు కూడా వేస్తాం. కుళ్ళుకు ఇంతకంటే మంచి విడిది ఎక్కడ దొరుకుతుంది?

మన పాత ఇళ్ళలో మొక్క చెక్కలో ఉండటం నేను చూడలేదు. తులసికి ఇటుక కోట, మల్లెకు మట్టి కుండీ, పగిలిన బానలో కనకాంబరం, మిగతావన్నీ పెరట్లో. చెక్క దూలానికీ గుమ్మానికీ పోయేది. ఆ గుమ్మాన్నయినా నిలబెట్టేముందు గోడకు ఆనే వైపు కోల్తారు పూసేవారు. చెమ్మ సంగతి, చెదల సంగతి తెలిసినవాళ్ళు మరి.

చెట్టును నేలనుంచి పెకలించి మరోచోటికి మోయడం చాలా పాత పనే. క్రీస్తుపూర్వం 15వ శతాబ్దంలో ఈజిప్టు రాణి హట్‌షెప్సుట్ పుంట్ దేశం నుంచి ధూపవృక్షాలను వేళ్ళతో సహా బుట్టల్లో తెప్పించింది. ఆ బుట్టలను కావడి కర్రలకు తగిలించి మోసుకొస్తున్న మనుషుల బొమ్మలు దేర్ ఎల్ బహ్రీ ఆలయ గోడల మీద ఇప్పటికీ ఉన్నాయి. బుట్ట మాత్రం ప్రయాణానికే. చెట్టు బతుకంతా పెట్టెలోనే గడవాలన్న పట్టుదల చలిదేశాల షోకు నుంచి వచ్చింది.

ఆ షోకు పేరు నారింజ. యూరప్ రాజులకు నారింజ చెట్టు కావాలి, చలికాలం దానికి పడదు. కాబట్టి చెట్టు కదలాలి. ఫ్రాన్సులో పద్నాలుగో లూయీ వెర్సాయ్‌లో 1684, 1686 మధ్య ఆర్డ్వా-మాంసార్ చేత నారింజశాల కట్టించాడు. మే నెలలో చెట్లు బయటికి, అక్టోబరులో లోపలికి. ఇప్పటికీ వెయ్యికి పైగా చెట్లు అలాగే వస్తూ పోతూ ఉంటాయి. వాటి నలుచదరపు ఓక్ పెట్టెను ఉద్యానశిల్పి లెనోత్ర్ పేరు మీద చెబుతారు. ఇప్పుడు మనం చూసే రకానికి ఇనప చట్రం ఉంటుంది. చెక్క పలకలు దానికి బిగించి ఉంటాయి, కొక్కెం తీస్తే పక్కపలక తలుపులా తెరుచుకుంటుంది. తోటమాలి చెట్టును కదపకుండానే వేళ్ళు చూస్తాడు, ముసలివేళ్ళు కత్తిరిస్తాడు, కొంత మట్టి మార్చి మళ్ళీ మూసేస్తాడు. పలక పుచ్చితే ఆ ఒక్కటే మారుస్తాడు. చెక్క కుళ్ళుతుందని ముందే ఒప్పుకుని చేసిన పెట్టె ఇది. నా లెక్కలో ఈ చరిత్ర మొత్తానికీ తెలివైన పని ఇదే. రాజుగారి ఖజానా లేనివాడికీ పనికొచ్చే తెలివి. కానీ దాన్ని బంగారు రంగు గుబ్బలున్న ఖరీదైన సామానుగానే లోకం గుర్తుపెట్టుకుంది.

తర్వాత పెట్టె ఓడెక్కింది. 1770లో జాన్ ఎల్లిస్ అనే లండన్ ప్రకృతి పరిశోధకుడు తూర్పుదేశాల నుంచి విత్తనాలూ మొక్కలూ ఎలా తేవాలో చెబుతూ, పెట్టెల బొమ్మలు వేసి మరీ పుస్తకం అచ్చేశాడు. 1789లో బ్లై కెప్టెన్ 'బౌంటీ' ఓడలో తాహితీ నుంచి 1,015 సీమపనస మొక్కలు ఎక్కించాడు. 774 కుండీలు, 39 తొట్లు, 24 పెట్టెలు. నావికులు తిరగబడి బ్లైను చిన్న పడవలోకి దింపేశారు, మొక్కలను సముద్రంలోకి విసిరేశారు. మన సామర్లకోటలో కుంఫిణీ వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ మిరియం, కాఫీ, దాల్చినచెక్క పెంచి చూసిన రోజులు కూడా ఇంచుమించు అవే. కుంఫిణీకి అప్పట్లో మొక్కంటే డబ్బు. దాని దారిలో ఉప్పుగాలి ఒక అడ్డం, మంచినీటి కరువు ఇంకొకటి. ఓడలో మనుషులకే చాలని నీళ్ళు మొక్కకెవడు పోస్తాడు?

దారి చూపింది ఒక సీసా. లండన్ తూర్పు పేటలో వైద్యం చేసే నథానియల్ వార్డ్ 1829లో పురుగు గూడు ఒకటి తడిమట్టితో మూతపెట్టిన సీసాలో ఉంచాడు. చిమ్మట బయటికి వచ్చేలోపు మట్టిలోంచి ఒక ఫెర్న్ మొక్కా గడ్డిపరకా మొలిచాయి. పగలు ఆవిరైన నీరు గాజుకు పట్టి, రాత్రి తిరిగి మట్టిలోకే జారుతోంది. బొగ్గుపొగకు తోటలో చచ్చిపోయిన ఫెర్నులు సీసాలో పచ్చగా ఉన్నాయి. గట్టి చెక్కతో అడుగుభాగం, పైన ఇంటికప్పులా వాలుగా గాజు పలకలు పెట్టి వార్డ్ రెండు పెట్టెలు చేయించి 1833లో సిడ్నీకి పంపాడు. నెలల తరబడి సాగిన ప్రయాణం తర్వాత మొక్కలు పచ్చగానే దిగాయి.

ఆ పెట్టె సామ్రాజ్యాలకు పనిముట్టయింది. మొక్కల సేకర్త రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా తేయాకు మొక్కలను హిమాలయ సానువులకు చేర్చింది వార్డ్ పెట్టెల్లోనే. క్వినైన్ ఇచ్చే సింకోనా నీలగిరులకు వచ్చిందీ అలాగే. 1860లో ఆంగ్లేయ అధికారి మార్కమ్ తెచ్చిన మొదటి విడత చచ్చిపోతే మళ్ళీ తెప్పించారు. 1876లో లండన్ క్యూ తోట నుంచి 38 పెట్టెల్లో 1,919 రబ్బరు మొక్కలు సింహళానికి వెళ్ళాయి, ఆసియా రబ్బరు తోటలకు అవే మొదలు. ప్లాస్టిక్ సంచీ, విమానం వచ్చాకగానీ ఆ పెట్టెకు సెలవు దొరకలేదు.

ఇంత తిరిగినా మేస్త్రి ప్రశ్న తీరలేదు. 1838లో జాన్ బెథెల్ అనే ఆంగ్లేయుడు చెక్కలోంచి గాలి లాగేసి, బొగ్గుతారు నూనెను ఒత్తిడితో లోపలికి ఎక్కించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మన గుమ్మాల కోల్తారుకు దగ్గరి చుట్టమే, కాకపోతే పైపూత కాదు, లోపలిదాకా. రైలు స్లీపర్లు దానితో నిలిచాయి. అయితే ఆ నూనె మొక్క వేళ్ళకు విషం, చేతికి అంటితే చర్మానికి మంట.

రెండో పెద్ద మలుపు డెహ్రాడూన్‌లో తిరిగింది. అక్కడి అటవీ పరిశోధన సంస్థలో సొంటి కామేశం 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన ఉప్పుద్రావణం కనిపెట్టాడు. ఇంటిపేరు వింటేనే మనకు చుట్టరికం తెలుస్తుంది. రాగి కుళ్ళును ఆపుతుంది, ఆర్సెనిక్ చెదలను చంపుతుంది, క్రోమియం ఆ రెండింటినీ వానకు కొట్టుకుపోకుండా చెక్కకు పట్టి ఉంచుతుంది. మూలకాల గుర్తులు కలిపి దానికి 'ఆస్కూ' అని పేరు పెట్టారు. చేవ లేని చెక్కకు చేవ పోయడమంటే ఇదీ. 1938లో అమెరికా పేటెంటు కూడా దక్కింది. తర్వాతి దశాబ్దాల్లో అమెరికాలో ఇంటి వసారాలు, పిల్లల ఆటస్థలాలు, కూరగాయల మడుల చుట్టూ వేసే పలకలు, అన్నీ ఆ లేతాకుపచ్చ చెక్కే. అక్కడ స్థిరపడి పెరట్లో గోంగూర పెంచుకున్న మనవాళ్ళలో ఎందరికి దాని పుట్టుక తెలుసో!

క్రోమియం ఎంత పట్టి ఉంచినా కొంత ఆర్సెనిక్ మట్టిలోకి దిగుతూనే ఉంది. 2003 ముగిసేసరికి అమెరికా తయారీదారులు ఇళ్ళ అవసరాలకు దాన్ని మానుకున్నారు. బదులు వచ్చిన ద్రావణాల్లో ఆర్సెనిక్ లేదు గానీ రాగి ఎక్కువ. అది మామూలు ఇనప మేకును తినేస్తుంది, గాల్వనైజ్డ్‌వో స్టీలువో వాడాలి.

చవక పెట్టె కథ మాత్రం వేరే దారిన నడిచింది. రెండో ప్రపంచయుద్ధంలో ఫోర్క్‌లిఫ్ట్‌తో పాటు సరుకుల కింద పరిచే చెక్క ప్యాలెట్లు లోకమంతా పాకాయి. పని తీరాక అవి చెత్తే. ఆ చెత్తతో పురుగులు కూడా దేశాలు దాటుతున్నాయని 2002లో అంతర్జాతీయ నియమం వచ్చింది: చెక్క నడుమదాకా 56 డిగ్రీల వేడి కనీసం 30 నిమిషాలు తగలాలి, లేదా మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టాలి. గోధుమకంకి ముద్ర పక్కన వేడికి 'హెచ్ టీ', పొగకు 'ఎం బీ' అని అచ్చు వేస్తారు. కూరగాయలు పెంచేవాళ్ళు రెండోదాన్ని ముట్టుకోకపోవడమే మేలు.

ఈలోగా పెట్టెలో పంట అన్నది ఒక ఉద్యమంలా మారింది. అమెరికాలో ఇంజినీరు మెల్ బార్తలోమ్యూ 1981లో చదరపు అడుగుల సేద్యం మీద పుస్తకం రాశాడు. నాలుగడుగుల చదరం, పదహారు గళ్ళు, గడికో పంట. తర్వాతి కూర్పులో లోతు ఆరంగుళాలు చాలన్నాడు. హైదరాబాదులో మిద్దెతోటల ఊపు వచ్చాక మనమూ డబ్బాలూ, తొట్లూ, చెక్కలూ వెతకడం మొదలుపెట్టాం.

నేను పొరపడింది అక్కడే. 'హెచ్ టీ' ముద్ర చూసి, ఇది శుద్ధి చేసిన చెక్క, ఢోకా లేదనుకుని మురిసిపోయాను. ఆ వేడి లోపలున్న పురుగును చంపుతుంది, అంతవరకే. రేపు వచ్చే కుళ్ళును అది ఆపదు. పైగా పెట్టెను తిన్నగా స్లాబు మీద పెట్టాను, నీళ్ళు పోయే దారే లేదు.

కొత్త పెట్టెకు నాలుగు కాళ్ళు పెట్టించాను. అడుగు పట్టీల మధ్య వేలు దూరేంత సందు, లోపలి గోడలకు ప్లాస్టిక్ పట్టా, ఒక్క మేకు లేదు, అన్నీ స్క్రూలే. చెక్క మళ్ళీ ప్యాకింగ్ చెక్కే. టేకు కొందామంటే అడితిలో చెప్పిన ధర విని వెనక్కొచ్చాను. మొన్నటి వానలకు ముందువైపు కింది పలక మెత్తబడింది. ఆరు స్క్రూలు విప్పి, పలక తీస్తే లోపల వేళ్ళు అల్లుకున్న మట్టి గోడలా నిలబడి ఉంది. కొత్త పలక బిగించేసరికి పావుగంట పట్టింది. పుదీనా ఆకైనా వాడలేదు.