బడిలో తోటి విద్యార్థుల తోడు: మన కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతులు

తొమ్మిదో తరగతి చదివే పిల్లకు కొన్నాళ్లుగా మనసు బాగోలేదనుకుందాం. ఆ సంగతి మొదట ఎవరికి తెలుస్తుంది? చాలాసార్లు పక్కన కూర్చునే స్నేహితురాలికి. ఇంట్లో అమ్మకు తెలిసేది "కడుపులో నొప్పి, ఇవాళ బడికి పోను" అన్న మాటే. టీచరుకు కనిపించేది తగ్గిన మార్కులే. హోసూరైనా, బళ్లారైనా, బరంపురమైనా, సోలాపూరైనా, యానామైనా ఇందులో పెద్ద తేడా ఉండదు.

ఈ సంగతిని ఆధారం చేసుకునే బడుల్లో తోటి విద్యార్థుల తోడు కార్యక్రమాలు పుట్టాయి. అవి ఏమిటి, ఎలా నడుస్తాయి, ఎంతవరకు పనిచేస్తాయి, మన ఇళ్ల పిల్లల విషయంలో ప్రత్యేకంగా ఏం చూడాలి అన్న సంగతులను ఈ వ్యాసంలో ఒకచోట చేర్చాం.

తోటి విద్యార్థి పని ఏమిటి

ఈ కార్యక్రమాల్లో బడి కొందరు పిల్లలను ఎంపిక చేసి శిక్షణ ఇస్తుంది. ఒంటరిగా ఉంటున్నవారిని పలకరించడం, తొందరపడకుండా వినడం, అవసరమైనప్పుడు నమ్మకమైన పెద్దవారి దగ్గరికి తీసుకువెళ్లడం, ఈ మూడే వారి పని. సలహాలు చెప్పడం, జబ్బుకు పేరు పెట్టడం, మందుల గురించి మాట్లాడడం వారి పని కాదు.

ఇలాంటి తోడు ఎందరికి కావాలి? నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. అంటే నలభై మంది ఉన్న తరగతిలో సుమారు ముగ్గురు. వాళ్లు ఎవరో ఆ తరగతి పిల్లలకు కొంతైనా తెలిసే ఉంటుంది.

మన దేశంలో ఉన్న ఏర్పాట్లు

మొదటిది రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం. కేంద్ర ఆరోగ్య శాఖ దీన్ని 2014 జనవరిలో 10 నుంచి 19 ఏళ్ల వారి కోసం మొదలుపెట్టింది. పోషకాహారం, మత్తు పదార్థాలు, హింస వంటి ఆరు అంశాల్లో మానసిక ఆరోగ్యం ఒకటి. ఊళ్లలో ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు చొప్పున తోటివారికి బోధించే పిల్లలను తయారు చేయడం ఇందులో భాగం. వీళ్లను "సాథియా" అని పిలుస్తారు. ఆశా కార్యకర్త వీళ్లకు అండగా ఉంటుంది.

రెండోది ఆయుష్మాన్ భారత్ కింద నడిచే పాఠశాల ఆరోగ్య కార్యక్రమం. దీన్ని 2020 ఫిబ్రవరిలో ఆరోగ్య, విద్యా శాఖలు కలిసి ప్రారంభించాయి. ప్రతి బడిలో ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా, తరగతికి ఇద్దరు పిల్లలను ఆరోగ్య దూతలుగా పెట్టాలన్నది ఏర్పాటు. పదకొండు పాఠ్యాంశాల్లో ఒకటి పూర్తిగా మనసుకు సంబంధించినది. మీ అబ్బాయో అమ్మాయో చదివే ప్రభుత్వ బడిలో ఆ టీచర్లెవరో, ఆ పిల్లలెవరో అడిగి తెలుసుకోవచ్చు.

కర్ణాటకలో ఉన్నవారికి మూడోది కూడా ఉంది. ఆ రాష్ట్ర యువజన శాఖ నిమ్‌హాన్స్‌తో కలిసి నడిపే "యువ స్పందన" కేంద్రాల్లో శిక్షణ పొందిన యువకులే తోటి యువతకు చేయూతనిస్తారు. బడి దాటి కాలేజీకి వెళ్లే పిల్లలకు ఇది పనికొస్తుంది.

పనిచేస్తాయా?

ఇలాంటి కార్యక్రమాల మీద జరిగిన అధ్యయనాల్లో మూడింటిని చూద్దాం.

అమెరికాలో "సోర్సెస్ ఆఫ్ స్ట్రెంగ్త్" అనే కార్యక్రమం ఉంది. దాన్ని 18 హైస్కూళ్లలో పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించారు. తోటి విద్యార్థులకు శిక్షణ ఇచ్చిన బడుల్లో పిల్లలకు పెద్దవారు సాయం చేస్తారన్న నమ్మకం పెరిగింది. శిక్షణ పొందిన పిల్లలు కష్టంలో ఉన్న స్నేహితుల సంగతి పెద్దవారికి చెప్పడమూ పెరిగింది. అక్కడ క్లాసు ఫస్టు వచ్చేవారిని మాత్రమే ఎంచుకోలేదు. రకరకాల స్నేహబృందాల నుంచి, అల్లరివాళ్లని పేరున్న గుంపుల నుంచి కూడా తీసుకున్నారు.

యూరప్‌లోని పది దేశాల్లో 168 బడులు, పదకొండు వేల మందికి పైగా పిల్లలతో జరిగిన అధ్యయనం 2015లో వెలువడింది. టీచర్లకు మాత్రమే శిక్షణ ఇచ్చిన బడుల్లో, పిల్లలకు ప్రశ్నపత్రం ఇచ్చి లక్షణాలున్నవారిని వైద్యుల దగ్గరికి పంపిన బడుల్లో చెప్పుకోదగిన తేడా రాలేదు. పిల్లలే పాత్రలు వేసి, తమ సమస్యల గురించి తామే మాట్లాడుకున్న బడుల్లో ఏడాది తర్వాత ఆత్మహత్యా యత్నాలు తగ్గాయి.

మూడోది మన దేశానిదే. బీహార్‌లోని నలంద జిల్లాలో 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో "సెహర్" కార్యక్రమం నడిచింది. ఫలితాలు 2018లో వచ్చాయి. గోడ పత్రిక, పిల్లలు తమ గోడు రాసి వేసే పెట్టె, విద్యార్థి బృందాలు, విడిగా కూర్చుని మాట్లాడే వీలు ఇందులో భాగాలు. కొన్ని బడుల్లో ఈ పనిని ఉన్న టీచరుకే అప్పగించారు. మరికొన్నింటిలో ఈ పని కోసమే శిక్షణ ఇచ్చి ఒక మనిషిని పెట్టారు. ఆ మనిషి డాక్టరూ కాదు, మానసిక నిపుణుడూ కాదు. ప్రత్యేకంగా మనిషిని పెట్టిన బడుల్లో కుంగుబాటు, పిల్లలు ఒకరినొకరు ఏడిపించుకోవడం తగ్గాయి. టీచరుకు అదనపు పనిగా ఇచ్చిన చోట ఆ మేలు కనబడలేదు.

ఈ మూడింటినీ కలిపి చూస్తే మాకు అర్థమైంది ఇది: పిల్లలు పిల్లలతో మాట్లాడడం మేలు చేస్తుంది. అయితే ఆ మాట చేరడానికి తీరిక ఉన్న, శిక్షణ ఉన్న ఒక పెద్ద మనిషి బడిలో ఉండాలి. ఆ మనిషి లేనప్పుడు బరువంతా పిల్లల మీదే పడుతుంది.

రెండు భాషల మధ్య మన పిల్లలు

మన ఇళ్లలో మరో చిక్కు ఉంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో రాసేది కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో, ఇంగ్లీషో. లెక్కలూ సైన్సూ బడి భాషలో వచ్చేస్తాయి. మనసులో బాధ చెప్పుకోవడానికి మాత్రం పిల్లలు తడుముకుంటారు. బడి భాషలో చెబితే పలుకు తేడా పట్టి నవ్వుతారేమోనని జంకు. ఇంటి తెలుగులో చెబుదామంటే "యాంగ్జైటీ", "డిప్రెషన్" వంటి బడి మాటలకు ఇంట్లో వాడే మాట దొరకదు.

మన ఇళ్లలో ఈ మాటలు లేకపోలేదు. గుండె దడ, దిగులు, బెంగ, మనసు కుదురు లేకపోవడం, అన్నం సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం. పిల్ల ఈ మాటలు అన్నప్పుడు వాటిని శరీర బాధగా కొట్టేయకుండా ఇంకాస్త అడగాలి. బడిలో తోటి విద్యార్థులను ఎంపిక చేసేటప్పుడు తెలుగు ఇంటి పిల్లలకూ చోటు ఇవ్వమని మనం కోరవచ్చు. అదే తరగతిలో ఇంటి భాష తెలిసిన తోడు ఒకరున్నా చాలు, మొదటి మాట బయటికి వస్తుంది.

యానాంలో భాష చిక్కు తక్కువ. కానీ పాలన పుదుచ్చేరిది కాబట్టి కార్యక్రమాల వివరాలు ఆ ప్రభుత్వ విద్యాశాఖ దగ్గరే అడగాలి.

వేయకూడని ఒట్టు

పిల్లల స్నేహాల్లో "ఎవరికీ చెప్పనని ఒట్టు వేయి" అన్న మాట పెద్దది. తోటి విద్యార్థులకు ఇచ్చే శిక్షణలో అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం దీనికి సంబంధించినదే. మార్కుల బాధ, ఇంట్లో గొడవ, స్నేహితులతో అలక వంటివి గుట్టుగానే ఉంచవచ్చు. చచ్చిపోవాలనిపిస్తోందని అన్నా, తనను తాను గాయపరచుకుంటున్నా, ఎవరైనా కొడుతున్నా, ఒంటి మీద చెయ్యి వేస్తున్నా ఆ సంగతి గుట్టుగా ఉంచకూడదు. అదే రోజు పెద్దవారికి చెప్పాలి.

ఇది పిల్లలకు ఎలా నేర్పాలి? ఇలా అనమని చెప్పవచ్చు:

"ఒట్టు వేయలేనే. నీకు ఆపద వచ్చే మాటైతే మేడమ్‌కు చెప్తాను. నువ్వు ఒక్కదానివే పోవద్దు, నేనూ వస్తాను. ఇద్దరం కలిసి చెప్దాం."

ఈ నాలుగు మాటలు ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ తెలియాలి. ఎంపికైన విద్యార్థులకు మాత్రమే తెలిస్తే సరిపోదు. స్నేహితురాలి గుట్టు చెప్పేశానన్న తప్పు భావన తర్వాత పిల్లలను వేధిస్తుంది. "నువ్వు చేసింది మంచి పని" అని ఇంట్లోవారు, టీచర్లు వాళ్లతో నోటితో చెప్పాలి.

తోడు ఇచ్చే పిల్లకూ తోడు కావాలి

మీ పిల్ల ఈ కార్యక్రమానికి ఎంపికైతే సంతోషించండి. దాంతోపాటు కొన్ని సంగతులు కనిపెట్టండి. రాత్రి పొద్దుపోయాక కూడా స్నేహితుల బాధలు వింటూ ఫోన్‌లో కూర్చుంటోందా? తన నిద్ర, చదువు పాడవుతున్నాయా? ఎవరికైనా ఏమైనా అయితే తనదే తప్పని భయపడుతోందా? అలా ఉంటే బడిలో ఆ బాధ్యత చూసే టీచరుతో మాట్లాడండి. మంచి కార్యక్రమంలో ఈ పిల్లలతో పెద్దవారు తరచూ కూర్చుంటారు. ఎప్పుడైనా తప్పుకునే వీలూ ఇస్తారు.

బడిని అడగడానికి మనకు ఆధారం ఉంది

విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రత్యేక చట్టం వచ్చేదాకా ఇవి దేశమంతా వర్తిస్తాయి. బడులు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నీ వీటి కిందికి వస్తాయి. వంద మంది గానీ అంతకన్నా ఎక్కువ మంది గానీ విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ కనీసం ఒకరుండాలి. అంతకన్నా చిన్నవి బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు తరగతుల్లో, హాస్టళ్లలో అందరికీ కనిపించేలా రాయాలి. మార్కులను బట్టి పిల్లలను వేరు వేరు బ్యాచ్‌లు చేయకూడదు.

తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి:

1. బడిలో కౌన్సెలర్ ఎవరు? ఏ రోజుల్లో ఉంటారు?
2. తోటి విద్యార్థులను ఎలా ఎంపిక చేస్తారు? వారికి శిక్షణ ఎవరు ఇస్తారు?
3. ఒక పిల్ల ఆపదలో ఉందని తోటి విద్యార్థి చెబితే, ఆ రోజు ఎవరు ఏం చేస్తారు?
4. ఇంటి భాషలో మాట్లాడవలసి వస్తే ఏర్పాటు ఏమిటి?

మూడో ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే అక్కడ కార్యక్రమం పేరుకే ఉందని అనుకోవాలి.

ఇంట్లో మన వంతు

మన ఊళ్లలో తెలుగువాళ్లం ఒకరికొకరం తెలిసినవాళ్లమే. అందుకే "నలుగురికీ తెలిస్తే రేపు సంబంధాలు రావు" అన్న భయం మన ఇళ్లలో గట్టిగా ఉంటుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స పొందేవారి వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు ఇచ్చింది. డాక్టరు దగ్గరికి వెళ్లిన సంగతి ఊరికి తెలియనవసరం లేదు.

జిల్లా స్థాయిలో ఈ వైద్యం అందడం వెనక మన ప్రాంతం పేరు కూడా ఉంది. నిమ్‌హాన్స్ 1980లలో బళ్లారి జిల్లాలో చేసిన ప్రయోగమే 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా అయింది. ఎక్కడున్నా ముందుగా మీ జిల్లా ఆసుపత్రిలో అడగండి.

పిల్ల నోరు విప్పినప్పుడు "మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా?" అనకండి. పక్కింటి పిల్లతో పోల్చకండి. "చెప్పు తల్లీ, వింటున్నా" అని కూర్చుంటే చాలు. చచ్చిపోవాలనిపిస్తోందా అని నెమ్మదిగా, సూటిగా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అడిగితే చెప్పుకునే దారి దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

దగ్గర పెట్టుకోవలసిన నంబర్లు

టెలి మానస్: 14416. ఇది 2022 అక్టోబరులో మొదలైంది. రాత్రీ పగలూ ఉచితం. 20 భాషల్లో సేవ ఉంది, వాటిలో తెలుగు ఒకటి. భాష ఎంచుకోమన్నప్పుడు తెలుగు వినబడకపోతే, ఫోన్ ఎత్తినవారిని తెలుగు కావాలని అడగండి.

మనోదర్పణ్: 8448440632. విద్యార్థుల కోసం కేంద్ర విద్యాశాఖ 2020లో పెట్టింది.

చైల్డ్ హెల్ప్‌లైన్: 1098. పిల్లలే నేరుగా చేయవచ్చు.

అత్యవసరమైతే: 112.

ఈ నాలుగు నంబర్లనూ కాగితం మీద రాసి పిల్లల పుస్తకాల సంచిలో పెట్టండి. మీ పిల్లకు అవసరం రాకపోవచ్చు. పక్క బెంచీ పిల్లకు రావచ్చు.